పని పోయిననాటి వైద్యము: ఒక హక్కు చరిత్ర
(కృష్ణపట్నమున దామోదరం సంజీవయ్య స్మృత్యర్థము జరిగిన కార్మికసభలో చేసిన ఉపన్యాసము)



మహనీయుల పేరిట జరుగు ఉపన్యాసములందు వారి గుణవర్ణనతోనే సగము కాలము గడచిపోవుట ఆచారమైయున్నది. సంజీవయ్యగారి విషయమున మనకు అంత శ్రమ అక్కరలేదు. మన నేలటూరు చెంతనున్న విద్యుత్కేంద్రమునకు ఆయన పేరే పెట్టియున్నారు గనుక, ఆ పేరు చదువక ఈ త్రోవన నడచువాడు లేడు. 1921 ఫిబ్రవరి 14వ తేదీన కర్నూలు జిల్లా పెద్దపాడున నిరుపేద దళిత కుటుంబమున జన్మించి, 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రి పీఠము నధిష్ఠించి, 1964 నుండి 1966 వరకు కేంద్రమున కార్మికశాఖను నిర్వహించిన ఆ మహాశయుని కాలముననే, 1965లో, బోనసు చట్టము వచ్చెను. బోనసు పని యున్నవాని హక్కు. పని పోయినవానికి ఏ హక్కు మిగులును? విశేషించి, వాని యింటిలో రోగమున్నచో ఆ చికిత్స భారము ఎవరు మోయవలయును? నేటి నా ప్రసంగము ఈ ప్రశ్నను గూర్చియే.

పని పోయినచో జీతము పోవునని అందరికిని తెలియును. జీతముతోపాటు వైద్యము గూడ పోవునన్న సంగతి మాత్రము ఇంటిలో ఎవరికైన జబ్బు చేసినపుడుగాని తెలిసిరాదు. కాంట్రాక్టు కార్మికుడు సాయంత్రము ఇంటికి వచ్చి "గేటు పాసు ఆపేసినారు" అని చెప్పినపుడు, ఇల్లాలు మనస్సులో లెక్కవేయునవి బియ్యము, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు. గూటిలోనున్న అత్తగారి షుగరు బిళ్ళల పొట్లము ఆమె లెక్కలోనికి రాదు, ఏలయన ఆ బిళ్ళలు అంతవరకు ఉద్యోగుల రాజ్యబీమా (ఇ.ఎస్.ఐ.) డిస్పెన్సరీ నుండి పైసా ఖర్చులేక వచ్చుచుండెను. పొట్లము ఖాళీయైన పిదప మందుల షాపువాడు బిల్లు వ్రాసి చేతికిచ్చిననాడు ఆమెకు సంగతి బోధపడును. ఒక్క గేటు పాసుతో ముడిపడి ఎన్ని పోయినవో ఆనాడుగాని లెక్కకు రావు.

ఈ ముడి ఎట్లు పడినదో తెలియుటకు కొంత వెనుకకు పోవలయును. కార్మికుని జీతమునుండి కొంత, యజమాని పెట్టెనుండి కొంత తీసి, ఆ నిధితో రోగమునకు చికిత్స చేయించు నిర్బంధ బీమాను శాసనముగా చేసినది మొదట జర్మనీ దేశము, 1883లో, బిస్మార్కు ప్రాబల్యకాలమున. ఆంగ్లేయులు 1911లో ఆ మార్గమునే త్రొక్కిరి. పనితో బీమాను ముడివేసిన కారణమున, పని పోయినచో బీమా ఏమగునన్న సంశయము ఆ దేశములకు త్వరలోనే కలిగెను. జర్మనీవారు 1927లో నిరుద్యోగ బీమా చట్టమును చేయుచు, భృతి పుచ్చుకొను నిరుద్యోగికి ఆరోగ్య బీమాయు నిలిచియుండునట్లు ఏర్పాటు గావించిరి. బ్రిటను వారు 1948 జూలై 5వ తేదీనుండి జాతీయ ఆరోగ్య సేవను నెలకొల్పి ఆ ముడినే విప్పివేసిరి. పౌరునకు చికిత్స చేయుటకు వానికి ఉద్యోగమున్నదా అని విచారించు పని అచ్చట అంతటితో ముగిసెను.

సరిగా అదే సంవత్సరమున, దానికి రెండున్నర మాసములు ముందుగా, 1948 ఏప్రిల్ 19వ తేదీన మన ఉద్యోగుల రాజ్యబీమా చట్టము పుట్టెను. దీని బీజము యుద్ధకాలమున పడినది. డాక్టరు అంబేడ్కరు వైస్రాయి మండలిలో కార్మికసభ్యుడుగా నున్న దినములలో, 1943లో, పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమాకు ఒక ప్రణాళిక సిద్ధపరచు భారము ఆచార్య బి.పి. అదార్కరుపై నుంచబడెను. ఆయన నివేదిక 1944లో వెలువడెను. ఆ పునాదిపై లేచిన చట్టమునకు 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో పండిత నెహ్రూగారు ఆచరణరూపము నిచ్చిరి. పథకమునకు ఆయనయే గౌరవార్థము ప్రథమ బీమాదారుడై, కార్మికులు నింపవలసిన ఆ ప్రకటన పత్రముపైననే తన చేవ్రాలు చేసెను. దేశ ప్రధాని సంతకము చేసినదియు, మగ్గము ముందు నిలిచిన కార్మికుడు వ్రేలిముద్ర వేసినదియు ఒకే విధమైన పత్రము.

తెలుగు సీమలకు ఈ పథకము 1955లో వచ్చెను. కాని మన తీరమునకు దానివలన నాడు ఒరిగినది లేదు. యంత్రశక్తితో నడచుచు, ఏడాది పొడవున పనిచేయు కర్మాగారములకే చట్టము తొలుత వర్తించెను. నెలజీతము 400 రూపాయలు మించనివారికే అందెను. ఉప్పుమడిలో ఎండకు మాడు కూలీకిని, వేటకు పోవు మత్స్యకారునికిని పనిలోనుండి తీసివేయు యజమానియు లేడు, తీసివేయబడుటకు ఉద్యోగమును లేదు. 2008లో నూతన రేవు తెరచిన తరువాతనే, దాని వెంట విద్యుత్కేంద్రములు, నూనె శుద్ధి కర్మాగారములు వచ్చిన తరువాతనే, ఈ చుట్టుపట్ల పల్లెలలో జీతపు చీటియు, ఇ.ఎస్.ఐ. నంబరును ఇంటింటి మాటలైనవి. అనగా, పని పోయినచో వైద్యము పోవుననెడి భయము మనకు అభివృద్ధితోపాటు వచ్చిన భయము.

చట్టము పనిపోయినవానిని ఆ క్షణమే వీధిలోనికి త్రోసివేయుననుట న్యాయము కాదు. ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు చెల్లించిన చందాకు ఫలము మరుసటి జనవరి నుండి జూను వరకును, అక్టోబరు మొదలు మార్చి వరకు చెల్లించినదానికి ఫలము జూలై నుండి డిసెంబరు వరకును లభించునట్లు అందు ఏర్పాటు కలదు. చందా కాలమున 78 దినములు పని యుండినచో చాలును. కావున తీసివేయబడిన పిదపకూడ కొన్ని మాసములు డిస్పెన్సరీ ద్వారము తెరచియే యుండును. ఈ సంగతి ఎరుగక, పని పోయిన మరునాడే కార్డును పెట్టె అడుగున పడవేసి ప్రైవేటు ఆస్పత్రికి అప్పుచేసి పోవువారు కలరు. కార్మిక సంఘములవారు ఈ ఒక్క విషయమును చాటి చెప్పినను ఎన్నియో యిండ్లు అప్పుల పాలు గాకుండును.

అయినను అది పాత చందా మిగిల్చిన నీడయేగాని ప్రభుత్వము చేసిన సహాయము కాదు. నిరుద్యోగము, వార్ధక్యము, రోగము సంభవించినపుడు ప్రభుత్వసహాయము పొందు హక్కును, రాజ్యము తన శక్తికొలది సమకూర్పవలయునని రాజ్యాంగపు 41వ అధికరణము విధించియున్నది. ఆ వాక్యము కార్యరూపము దాల్చుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టెను. 2005 ఏప్రిల్ 1 నుండి రాజీవ్ గాంధీ శ్రామిక కల్యాణ యోజన అమలులోనికి వచ్చెను. కర్మాగారము మూతపడుటచేతగాని, రిట్రెంచ్‌మెంటు వలనగాని, శాశ్వతమైన అశక్తత వలనగాని పని కోల్పోయిన బీమాదారునకు నిరుద్యోగ భత్యమును, ఆ భత్యము పొందునంతకాలము వానికిని వాని కుటుంబమునకును ఇ.ఎస్.ఐ. వైద్యమును లభించునని ఆ పథకము పలికెను. పని పోయినవానికి చికిత్స కొనసాగవలయునని మన ప్రభుత్వము స్పష్టముగా అంగీకరించిన ఘట్టమిది. చరిత్రకారులు దీనిని విస్మరింపరాదు. మొదట ఆరుమాసములకే పరిమితమైన ఆ భత్యము క్రమముగా ఇరువదినాలుగు మాసములకు పెరిగెను.

కాని కాంట్రాక్టరు ఒప్పందము ముగిసి, క్రొత్త కాంట్రాక్టరు తన మనుష్యులను తెచ్చుకొనినచో, పాతవాడు ఏ పద్దు క్రిందికి వచ్చును? కర్మాగారము మూతపడలేదు, రిట్రెంచ్‌మెంటు ఉత్తరువు ఎవరును ఇయ్యలేదు, మనిషి మాత్రము గేటు వెలుపల నిలిచియున్నాడు. 2018 జూలై 1 నుండి వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ యోజన ఇట్టివారికి కొంత చేరువైనది. సగటు దినాదాయములో నాలుగవవంతు చొప్పున, జీవితమున ఒక్కసారి, 90 దినములవరకు నగదు సహాయము అందు చెప్పబడినది. 2020లో కరోనా విజృంభించినపుడు ఆ నాలుగవవంతును సగమునకు పెంచిరి. యజమాని ద్వారా కాక బీమాదారుడు నేరుగా అర్జీ పెట్టుకొనవచ్చుననిరి. ఈ సడలింపు సామాన్యమైనది కాదు, ఏలయన తీసివేసినవానినే పోయి ధ్రువపత్రము నడుగుటకంటె భత్యమే వద్దనుకొను అభిమానవంతులు మన కార్మికులలో ఎందరో కలరు.

కరోనా మాట వచ్చినపుడు కృష్ణపట్నమును గూర్చి చెప్పక తీరదు. 2021 మే మాసమున ఈ యూరి ఆనందయ్యగారి మూలికా మందు ఉచితముగా లభించునని విని, వేలాది జనులు ముత్తుకూరు త్రోవ పొడవున బారులు తీరిరి. అంబులెన్సులలో ప్రాణవాయువు గొట్టములతోనే వచ్చినవారును కలరు. ఆ మందు గుణదోషముల విచారణ నా పని కాదు, అది వైద్యశాస్త్రజ్ఞులది. నేను చూడుమనునది ఆ బారును. పని లేక, చేత పైకము లేక, ఆస్పత్రి పడక దొరకునను ఆశ లేక ఆ ఎండలో నిలిచినవారు అందెందరుండిరో ఊహించుకొనుడు.

అదే వసంతమున, సముద్రములకావల అమెరికాలో, ఆ యేటి ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు, పని పోయినవారి ఆరోగ్య బీమా ప్రీమియమును నూటికి నూరుపాళ్ళును అచ్చటి కేంద్రప్రభుత్వమే భరించెను. ఆ దేశమున 1986లో అమలైన కోబ్రా యను చట్టము ప్రకారము, ఇరువదిమందికి తక్కువకాని సంస్థలో పని పోయినవాడు తన పాత బీమాను సాధారణముగా 18 మాసములవరకు కొనసాగించుకొనవచ్చును. అయితే యజమాని భాగమును కలుపుకొని మొత్తము ప్రీమియమును, దానిపై నూటికి రెండుపాళ్ళ నిర్వహణ వ్యయమును వాడే చెల్లించుకొనవలయును. జీతము ఆగినవానికి అది ఎండిన బావికి చేద వేయుటయే. అందువలననే 2009 ఆర్థిక సంక్షోభమున ప్రభుత్వము ఆ ప్రీమియములో నూటికి 65 పాళ్ళు తానే భరించెను. 2021లో మొత్తము భరించెను. కాని ఆ సాయము శాశ్వతము కాలేదు. 2022 చివరను, 2023లోను సాంకేతిక సంస్థలు వేలమందిని తొలగించినపుడు, హెచ్-1బి వీసాపై నున్న మన తెలుగుబిడ్డలు అరువది దినములలో క్రొత్త కొలువు వెదకికొనుటయు, బీమా ప్రీమియమును తామే కట్టుకొనుటయు ఒక్కసారిగా తటస్థించెను. సంకటము వచ్చినపుడెల్ల క్రొత్తగా చట్టము చేయు పద్ధతిలో, ఆ చట్టమునకు ముందును తరువాతను పని పోయినవాడు నిర్భాగ్యుడగును.

మనకు ఆరోగ్యశ్రీ కలదు గదాయని మీరనవచ్చును. కలదు, అది గొప్ప పథకము. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై, పేదవాని ప్రీమియమును ప్రభుత్వమే చెల్లించు పద్ధతిని ఈ రాష్ట్రమున నిలిపినది. ప్రభుత్వములు మారినపుడు పేరు మారినను ప్రజలు దానిని వదలలేదు. కాని దాని ప్రధాన లక్ష్యము ఆస్పత్రిలో చేరవలసిన పెద్దజబ్బు, శస్త్రచికిత్స. గుండె ఆపరేషనుకు అది దిక్కగును; ఆ గుండెజబ్బు రాకుండ ప్రతిదినము మింగవలసిన బి.పి. బిళ్ళ నెలనెలా ఇంటికి చేర్చుటకు అది ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీ వంటిది కాదు. పని పోయినవాడు మొట్టమొదట మానివేయునది ఆ బిళ్ళనే. నొప్పి లేని జబ్బుకు మందు మానుట సులభము. దాని ఫలితము కొన్ని మాసములకుగాని కనబడదు. కనబడునప్పటికి అది ఆరోగ్యశ్రీ లెక్కలోనికి వచ్చు పెద్దజబ్బై కూర్చుండును. చిన్న వ్యయమును మిగిల్చి పెద్ద వ్యయమును ప్రభుత్వమే తెచ్చుకొనుచున్నదన్నమాట.

ఇక లెక్క చూతము. దినమునకు 600 రూపాయల చొప్పున నెలకు 26 దినములు పనిచేయువాని ఆదాయము 15,600 రూపాయలు. 2017 నుండి అమలులోనున్న 21,000 రూపాయల పరిమితికి లోబడినదే. 2019 జూలై నుండి కార్మికుని చందా నూటికి ముప్పాతిక, యజమాని చందా నూటికి మూడుంబాతిక గనుక, ఆ లెక్కన ఒకరిది 117, మరొకరిది 507, వెరసి నెలకు 624 రూపాయలు. ఆరుమాసములకు 3,744. పని పోయిన కార్మికుని పక్షమున ఈ చందాను ప్రభుత్వము ఆరునెలలు చెల్లించినచో, వాని భార్యాబిడ్డలకును వృద్ధులైన తల్లిదండ్రులకును ఒక్క దినమైన వైద్యము తెగదు. అదే మనిషికి అటల్ యోజన మొదట చెప్పిన నాలుగవవంతు చొప్పున 90 దినముల నగదు సహాయము 13,500 రూపాయలగును. నగదు వలదని నేననను. నగదు కడుపు నింపును. కాని చేతికి వచ్చిన నగదులోనుండి మందులకు మిగుల్చుకొను ధైర్యము ఆకలి యున్న యింటికి ఉండదు. 2019లోనే చందాల మొత్తమును నూటికి ఆరున్నర నుండి నాలుగుకు తగ్గించిరి. తగ్గించిన ఆ రెండున్నరలో ఏ కొంచెమైన ఇట్టివారికొరకు ప్రత్యేకముగా నిలిపియుండినచో, నేడు ప్రభుత్వ ఖజానా వైపు చూడవలసిన అగత్యమే తక్కువయ్యెడిది.

పని పోయినవాని చందాను ప్రభుత్వము కట్టవలయుననుట అపూర్వమైన కోరిక కాదు. వయస్సు మీరి పదవీవిరమణ చేసిన బీమాదారుడు, అర్హత యున్నచో, ఏడాదికి 120 రూపాయలు మాత్రము చెల్లించి తనకును తన సహచరికిని ఇ.ఎస్.ఐ. వైద్యము పొందు నియమము ఇదివరకే కలదు. పని లేనివానికి వైద్యము చేయుట సాధ్యమేయని ఆ నియమమే ఋజువు చేయుచున్నది. వృద్ధుడై దిగినవానికి మెట్లు కట్టిన చట్టము, నడివయస్సున త్రోసివేయబడినవానికి మెట్టొక్కటైన శాశ్వతముగా ఏల కట్టరాదు?

2024 తొలినాళ్ళలో మన రేవు కంటైనర్ టెర్మినలుకు ఓడల రాక ఆగిపోయినదన్న వివాదము చెలరేగినపుడు, లారీవారు, సరుకు దింపువారు, గుమాస్తాలు ఏమగుదురని పత్రికలు వ్రాసినవి, నాయకులు ప్రసంగించిరి. మాటలన్నియు ఉద్యోగములను గూర్చియే; వైద్యమును గూర్చి ఒక్క మాటయు పెద్దగా వినబడలేదు. ఓడలు వచ్చునా పోవునా యనునది లోకవ్యాపారము చేతిలోని విషయము, మన చేతిలోనిది కాదు. పని పోయిననాడు బీమా నిలుచునా తెగునా యనునది మాత్రము చట్టము చేతిలోని విషయము. చట్టమును మనము అడిగి మార్పించుకొనవచ్చును. కార్మిక సంఘములు ఇకమీద యాజమాన్యముతోను ప్రభుత్వముతోను జరుపు ప్రతి చర్చలోను, జీతము, బోనసు అను రెండు పద్దుల ప్రక్కన ఆరునెలల చందా అను మూడవ పద్దును చేర్చుట సంజీవయ్యగారికి మనము చేయదగిన సముచితమైన స్మరణ యని నా అభిప్రాయము.