రక్తనాళములలో పూడిక

కాకతీయ కాలువలో పూడిక పేరుకొన్నచో చివరి మడికి నీరందదని మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతముల రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. మన దేహమునందును అట్టి కాలువలు కలవు. గుండె నుండి అవయవములకు రక్తమును కొనిపోవు ధమనులే అవి. అయితే ఒక భేదము: కాలువలో పూడిక అడుగున చేరును, ధమనిలో అది గోడ లోపలనే పెరుగును.

రక్తములోని కొలెస్టరాల్ అను కొవ్వుపదార్థము ధమని లోపలిపొరను దాటి గోడలో చేరును. దానిని తొలగింపవచ్చిన కణములు దానితోనే నిండి అచ్చటనే నిలిచిపోవును. క్రమముగ నారపదార్థము, సున్నపు పదార్థము కూడ చేరి అది గట్టిపడును. ఇది ముసలితనమున మొదలగునది కాదు. కొరియా యుద్ధమున మరణించిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను పరీక్షించిన వైద్యులు 1953లో తమ ఫలితములను ప్రకటించిరి. ఆ సైనికుల సగటు వయస్సు 22 ఏండ్లు. అయినను నలుగురిలో సుమారు ముగ్గురికి ఈ వ్యాధి చిహ్నములు కానవచ్చినవి.

పూడికపై నున్న పొర చిట్లినపుడు అచ్చట రక్తము గడ్డకట్టును. గుండెకు పోవు ధమని మూసికొనిపోయిన గుండెపోటు. మెదడునకు పోవునది మూసికొనిపోయిన పక్షవాతము. కాలి ధమని ఇరుకైనచో నడచునపుడు పిక్క నొప్పిపుట్టి, నిలిచినంతనే తగ్గును.

ఇది పట్టణములలోని ధనికుల వ్యాధి యనుకొనుట పొరపాటు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో సంభవించిన మరణములను పరిశీలింపగా, నూటికి 32 గుండె, రక్తనాళముల వ్యాధుల వలననే యని తేలినది.

మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతములలో ఎందరో స్త్రీలు బీడీలు చుట్టి సంసారములు నడుపుచున్నారు. చుట్టిన బీడీ కూలి నిచ్చును. కాల్చిన బీడీ ధమని లోపలిపొరను గాయపరచి, రక్తము గడ్డకట్టు గుణమును పెంచును. రక్తపోటు, మధుమేహము ఉన్నవారికి ఈ కీడు మరింత అధికము. కావున పొగ మానుట, ఉప్పు, నూనెలు తగ్గించుట, నిత్యము నడచుట, రక్తపోటును, చక్కెరను పరీక్ష చేయించుకొనుట ఎల్లరకును అవసరము.

ఒక్క మాట ముఖ్యముగ మనవి చేసెదను. రొమ్ములో బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి, చెమట, ఆయాసము కలిగినపుడు "గ్యాసు" అని సోడా త్రాగి పండుకొనువారు పెక్కురు. రక్తమందని గుండెకండరము కొలది గంటలలోనే చచ్చిపోవును. చచ్చిన భాగము తిరిగి మొలవదు. వెంటనే 108కు ఫోను చేయవలెను. తెల్లవారిన తరువాత చూతమనుట తగదు.