పసుపూ, అడ్డపొగా



శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పల్లెలు ఎరిగినవారికి అడ్డపొగ సంగతి చెప్పనక్కరలేదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని పీలుస్తారు. ఎక్కువగా ఆడవాళ్ళే. మా అత్తవారి ఊళ్ళో పక్కింటి మామ్మ అలా చుట్ట నోట్లో ఉంచుకునే వాకిలి ఊడ్చేది, మాతో కబుర్లూ చెప్పేది. ఒకనాడు ఉండబట్టలేక, "మామ్మా, నోరు పుండైపోదూ?" అన్నాను.

"నాకేటవుద్దమ్మా? దినామూ పప్పులో పసుపేస్తన్నాను గదా, ఆ ఇసాన్ని అదే ఇరిసేస్తది" అంది.

నవ్వొచ్చిన మాట నిజమే. కాని మామ్మ మాటను పూర్తిగా కొట్టిపారేయడానికి లేదండీ.

మన ఒంట్లో దాదాపు ప్రతి జీవకణంలోనూ డి.ఎన్.ఏ. అనే సన్నని పోగు ఉంటుంది. కణం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి అన్నది అందులోనే రాసి ఉంటుంది. పొగాకు పొగలో బెంజోపైరీన్ వంటి పదార్థాలున్నాయి. వాటిని బయటకు గెంటేద్దామని మన శరీరం మార్పులు చేస్తుంది. చిత్రమేమిటంటే, ఆ మార్పుల్లోనే కొన్ని మరింత చెడ్డవిగా తయారై వెళ్ళి ఆ పోగుకు అతుక్కుంటాయి. కణం తన మరకను తానే బాగుచేసుకోగలదు. కాని పొద్దస్తమానం మరక పడుతూనే ఉంటే ఎన్నని బాగుచేస్తుంది? అలా మిగిలిపోయిన తప్పుల నుంచే కాన్సరు మొదలవుతుంది.

ఇక పసుపు సంగతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు చాలాకాలంగా పొగ తాగుతున్న 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు చొప్పున 30 రోజులు ఇచ్చి చూశారు. పొగ తాగేవారి మూత్రంలో డి.ఎన్.ఏ.ను మార్చే పదార్థాలు కనిపిస్తాయి. వాటిని ఒకరకం బాక్టీరియా మీద ప్రయోగించి కొలుస్తారు. పసుపు తిన్నాక అవి బాగా తగ్గాయని 1992లో ప్రకటించారు. ఒకటిన్నర గ్రాములంటే చిన్న చెంచాలో సగం. అయితే నలుగురున్న ఇంట్లో పప్పులో వేసే చిటికెడు పసుపులో మనిషి వాటాకు అంత రాదు, గమనించండి.

పసుపుకు ఆ రంగునిచ్చే కర్కుమిన్ అంత సులువుగా ఒంటికి పట్టదు. మిరియంతో కలిస్తే ఎక్కువ పడుతుందని 1998లో బెంగుళూరు పరిశోధకులు చూపించారు. మన మిరియాల చారు ఊరికే పుట్టలేదనిపిస్తుంది నాకు! కాబేజీ, ఆవాలు, వెల్లుల్లి, ఉసిరికాయ, వీటిలోనూ ఇటువంటి పదార్థాలు వేరువేరు రకాలుగా ఉన్నాయి.

కాని 16 మంది, 30 రోజులు. మూత్రంలో విషం తగ్గింది, అంతే. కాన్సరు రాకుండా ఆగిందని అందులో రుజువు కాలేదు. ఆ తేడా మరచిపోతే ఏమవుతుందో ఫిన్లండులో తెలిసింది. కారెట్లకు రంగునిచ్చే బీటా కెరోటిన్ మంచిదని, పొగతాగే 29,133 మంది మగవారిని తీసుకుని, వారిలో కొందరికి ఆ మాత్రలు ఏళ్ళ తరబడి ఇచ్చారు. 1994లో లెక్క తేల్చితే, మాత్ర మింగినవారిలో ఊపిరితిత్తుల కాన్సరు నూటికి 18 వంతులు ఎక్కువే కనిపించింది! కూరలో ఉన్న పదార్థం వేరు, దాన్నే విడదీసి మాత్రగా చేసి మింగడం వేరు. ఇప్పుడు బజారులో అమ్ముతున్న పసుపు మాత్రలతో కొందరికి కాలేయం దెబ్బతిన్న సంగతి కూడా వైద్యులు రాశారు. వంటలో వేసుకునే పసుపుకు ఆ భయం అక్కరలేదు.

ఇదంతా నేను మామ్మకు చెప్పాను. పసుపు నీ పప్పుకు మంచిదే, నీ చుట్టకు విరుగుడు కాదు అన్నాను. వినలేదు. చివరకు కోడలు బతిమాలి డాక్టరుకు చూపిస్తే అంగిలి మీద తెల్లమచ్చ ఉందన్నారు. ఆ తరువాత చుట్టలు రోజుకు రెండుకు దించింది. ఆ రెండూ మాన్పించే పనిలో ఉన్నాం, నేనూ ఆ కోడలూ.