పూత మీద బేరం: ఆడపిల్లల చదువులు, ఉద్యోగాలు

(నూజివీడులో స్త్రీ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న సాయంత్రం ఇక్కడికి దగ్గరలో వున్న ఒక మామిడి తోటకు వెళ్ళాం. కోత జరుగుతోంది. మగవాళ్ళు చిక్కం కట్టిన గెడలతో కాయ కోస్తున్నారు. ఆడవాళ్ళు కింద కూర్చుని బంగినపల్లి ఒక పక్కకు, కలెక్టరు ఒక పక్కకు వేరుచేస్తున్నారు. మచ్చ పడ్డది తీసేసి, మంచిది గడ్డి పరిచి పెట్టెల్లో సర్దుతున్నారు. వాళ్ళలో ఒకామె నేను చదువుకున్నదాన్నని తెలుసుకుని, చేతిలో పని ఆపకుండానే అడిగింది: "మా పిల్ల పది పాసయిందమ్మా. ఏ గ్రూపు తీసుకుంటే ఉద్యోగం వచ్చిద్దో మీరు చెప్పండి."

ఆమె కొడుకు డిగ్రీ చదువుతున్నాడట. చెట్టు కింద కూర్చుని ఫోనులో వీడియో చూస్తున్నాడు. రాబోయే ఫోను మడత పెట్టుకునేలా వుంటుందట, కెమెరా ఇలా వుంటుందట, ధర ఇంత వుంటుందట అని నాకు కూడా చూపించాడు. తల్లి అడిగినదీ, కొడుకు చూస్తున్నదీ రెండూ రాబోయే కాలం గురించిన ఊహలే. ఒకటి బ్రతుకు సమస్య, రెండోది సరదా అని అప్పుడు అనిపించింది. రాత్రి ఆలోచిస్తే రెండూ ఒకే విషయం అనిపించింది. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

మామిడి ప్రాంతం వాళ్ళకు నేను కొత్తగా చెప్పక్కరలేదు. ఇక్కడ చాలా తోటలు పూత మీదే అమ్ముడుపోతాయి. ఆ తర్వాత మంచు కురవచ్చు, తేనెమంచు పురుగు పట్టవచ్చు, గాలివాన రావచ్చు. పూసిన పూతంతా కాయ కాదని అందరికీ తెలుసు. అయినా పూత చూసి బేరం కుదుర్చుకుంటారు. పదిహేను, పదిహేడేళ్ళ ఆడపిల్ల చదువు విషయంలో కూడా మనం చేస్తున్నది ఇలాంటి బేరమే. ఈ ఏడాది ఏ బ్రాంచికి గిరాకీ వుందో చూసి, నాలుగేళ్ళ తర్వాతి, ఆరేళ్ళ తర్వాతి పంటకు ధర కడుతున్నాం. తోట బేరంలో నష్టం వస్తే కొన్నవాడికి వస్తుంది. ఈ బేరంలో నష్టం వస్తే భరించేది ఆ పిల్ల.

నూజివీడులోనే దీనికి మంచి ఉదాహరణ వుంది. 2008లో చట్టం చేసి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని పెట్టారు. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో ట్రిపుల్ ఐటీలు వచ్చాయి. పదో తరగతి మార్కులతోనే ప్రవేశం. రెండేళ్ళు పి.యు.సి., నాలుగేళ్ళు బి.టెక్., హాస్టలు అక్కడే. ప్రభుత్వ పాఠశాలలో చదివిన పిల్లల వెనుకబాటును కూడా లెక్కలోకి తీసుకుని వాళ్ళకు కొంత అదనంగా కలిపారు. కోచింగు కొనుక్కోలేని పల్లెటూరి పిల్లకు ఇది నిజంగా తలుపు తెరిచింది. ఇటీవలి సంవత్సరాలలో ప్రవేశాలు పొందుతున్న వారిలో అబ్బాయిలకంటే అమ్మాయిలే ఎక్కువ. దేశం మొత్తం మీద ఇంజనీరింగు చదివే వారిలో స్త్రీలు మూడో వంతు కూడా లేరన్నది గుర్తుపెట్టుకుంటే దీని విలువ అర్థమవుతుంది. ఈ విజయాన్ని తక్కువ చేసి మాట్లాడే వాళ్ళతో నేను ఏకీభవించను.

అయితే 2008లో చేరిన మొదటి బ్యాచి సంగతి చూడండి. ఆ పిల్లలు పదిహేనేళ్ళ వయసులో చేరినప్పుడు ఉద్యోగమంటే హైదరాబాదు, హైదరాబాదు అంటే తమ రాష్ట్ర రాజధాని. వాళ్ళు చేరిన కొద్ది నెలలకు, 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడింది. వాళ్ళు చదువు ముగించే వేళకు, 2014 జూన్ 2న, రాష్ట్రం రెండయింది. హైదరాబాదు పక్క రాష్ట్రంలోకి వెళ్ళింది, బాసర కూడా వెళ్ళింది. ఆరేళ్ళలో ఇంత మారింది. 2008లో ఏ నిపుణుడు ఈ జోస్యం చెప్పగలిగాడు? 2001లో డాట్‌కామ్ కంపెనీలు కూలినప్పుడు, 2008 మాంద్యంలో, 2022 తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీలు నియామకాలు తగ్గించినప్పుడు ఇదే జరిగింది. కంప్యూటర్ సైన్సు వద్దన్న వాళ్ళే తర్వాత అదే కావాలన్నారు. మెకానికల్‌కు, సివిల్‌కు తిరుగులేదన్న వాళ్ళు అవి ఖాళీగా వుంటే చూశారు. డిగ్రీలో 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి తెచ్చినప్పుడు ఈ బేరం మరింత బిగిసింది. మూడు సబ్జెక్టుల మీద పంచుకున్న ఆశను ఒక్కదాని మీద పెట్టవలసి వచ్చింది.

ఇప్పుడు ఫోను సంగతికి వస్తాను. రాబోయే ఫోను గురించిన ఊహాగానం మనకు కాలక్షేపం. ఆ ఫోనును బిగించే అమ్మాయికి అది జీతం.

తమిళనాడులో శ్రీపెరంబుదూరు మన రాష్ట్రానికి దూరం కాదు. అక్కడ నోకియా కంపెనీ 2006లో ఫ్యాక్టరీ పెట్టింది. వేలమంది పనిచేశారు, వాళ్ళలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన పడుచు అమ్మాయిలు. ఆ రోజుల్లో నోకియా ప్రపంచంలోనే అతి పెద్ద ఫోను కంపెనీ. దానిలో ఉద్యోగమంటే ఢోకా లేదని అందరూ నమ్మారు. 2007లో ఆపిల్ ఐఫోను, 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వచ్చాయి. బొత్తాల ఫోను పక్కకు పోతుందని అంత పెద్ద కంపెనీయే సరిగా ఊహించలేకపోయింది. దాని ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ కొన్నది, పన్నుల వివాదంలో వున్న శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీని మాత్రం వదిలేసింది. 2014 నవంబరు 1న ఆ ఫ్యాక్టరీ మూతపడింది. కంపెనీ అంచనా తప్పితే వాటాదారుకు నష్టం, నిజమే. కానీ ఇరవై అయిదేళ్ళకే "మాజీ ఉద్యోగి" అయి ఊరికి తిరిగి వెళ్ళిన అమ్మాయి చేతిలో ఏముంది? బొత్తాల ఫోను బిగించే నేర్పు.

2015లో మన వైపు శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సంస్థ షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. విశాఖపట్నంలో సభ పెట్టి ప్రకటించారు. అక్కడ కూడా వరసలో నిలబడి పనిచేసే వాళ్ళు ఎక్కువగా స్త్రీలే. సన్నని వేళ్ళు, ఓపిక, చెప్పిన మాట వినే స్వభావం అని కంపెనీలు చెప్పే కారణాలు మనకు కొత్త కాదు. మామిడికాయ వేరుచేసే పని ఆడవాళ్ళకు ఇచ్చినప్పుడు కూడా ఇవే చెబుతారు. చేసే పనికి నేర్పు అవసరమని ఒప్పుకుంటే కూలి పెంచాలి కదా! అందుకని దాన్ని పుట్టుకతో వచ్చిన గుణం అంటారు.

శ్రీపెరంబుదూరులోనే ఐఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ అమ్మాయిలు 2021 డిసెంబరులో రోడ్డు మీదకు వచ్చారు. హాస్టలు తిండి విషమించి 150 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఇరుకు గదులు, నేల మీద పడక, నీళ్ళు లేని మరుగుదొడ్లు అప్పుడు లోకానికి తెలిశాయి. ఫ్యాక్టరీ కొన్నాళ్ళు ఆగింది. కొన్ని వసతులు తమ ప్రమాణాలకు తగినట్టు లేవని ఆపిల్ ఒప్పుకుంది. తర్వాత 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తా సంస్థ ఇంకో విషయం బయటపెట్టింది: పెళ్ళయిన స్త్రీలను ఆ ఫ్యాక్టరీలో ఐఫోను పనికి తీసుకోకుండా తప్పిస్తున్నారని. కంపెనీ దాన్ని ఖండించింది, కొత్తగా చేరిన స్త్రీలలో సుమారు నాలుగో వంతు పెళ్ళయిన వాళ్ళేనన్నది. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది.

ఇక్కడ చట్టం ఎక్కడ ఆగిపోతున్నదో మనం తెలుసుకోవాలి. పెళ్ళయిన స్త్రీని విదేశాంగ సర్వీసుకు పనికిరాదనే నిబంధనను 1979లో సి.బి. ముత్తమ్మ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. మొదటి గర్భానికే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పోయే నిబంధనను 1981లో నర్గీస్ మీర్జా కేసులో కొట్టివేసింది. ఇవి ప్రభుత్వం, ప్రభుత్వరంగ సంస్థల మీద తీర్పులు. ప్రైవేటు యజమానికి 1976 నాటి సమాన వేతన చట్టం వుండేది. దాని స్థానంలో 2019లో చేసిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. నియామకాలలో స్త్రీ పురుష వివక్ష కూడదని రెండూ అన్నాయి. పెళ్ళయిందా లేదా అన్నది చూడకూడదనే మాట మాత్రం వాటిలో స్పష్టంగా లేదు. "మేం స్త్రీలనే తీసుకుంటున్నాం, వివక్ష ఎక్కడ?" అనే వాదనకు ఆ సందే చాలు.

ఇంకొక మెట్టు వుంది. ఉద్యోగానికి దరఖాస్తు ఇవాళ ఫోనులోనే. నోటిఫికేషను, హాల్ టికెట్టు, ఇంటర్వ్యూ పిలుపు, ఓటీపీ అన్నీ దానికే వస్తాయి. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సొంతంగా వాడుకునే మొబైల్ వున్న స్త్రీలు దేశంలో నూటికి 54 మంది. గ్రామాలలో 47 మందే. అదీ స్మార్ట్‌ఫోను కాదు, ఏదో ఒక ఫోను. మిగతా వాళ్ళ ఉద్యోగపు పిలుపు తండ్రి ఫోనుకో, అన్న ఫోనుకో, మొగుడి ఫోనుకో వస్తుంది. ఆయన చెబితే ఆమెకు తెలుస్తుంది. నేను కలిసిన ఒక బి.టెక్. అమ్మాయికి ఇంటర్వ్యూ తేదీ దాటిన మర్నాడు తెలిసింది. అన్న ఫోనుకు కబురు వచ్చింది, ఆయన మరిచిపోయాడు. ఆమె మంచి బ్రాంచే తీసుకుంది, మార్కులూ వున్నాయి. ఏ జోస్యంలోనూ ఈ మరుపు లెక్కకు రాలేదు.

అందుకే ఏ గ్రూపుకు ఉద్యోగాలు వస్తాయనే ప్రశ్న సగం ప్రశ్నే అంటాను. ఆ ప్రశ్న పెళ్ళితో ఊరు మారని, రాత్రి షిఫ్టుకు ఎవరి అనుమతీ అక్కరలేని, ఫోను చేతిలో వున్న మగపిల్లవాడిని మనసులో పెట్టుకుని తయారయింది. ఆడపిల్ల విషయంలో దానికి మరి నాలుగు ప్రశ్నలు కలపాలి. ఆ చదువు ఎంచుకున్నది ఎవరు? ఉద్యోగం ఎంత దూరంలో, అక్కడ వుండటానికి చోటు ఏమిటి? పెళ్ళి, కాన్పు తర్వాత ఆ ఉద్యోగం నిలుస్తుందా? ఆ కంపెనీయో, ఆ వస్తువో పోతే ఆమె నేర్చుకున్నది ఇంకో చోట పనికొస్తుందా?

కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వేల ప్రకారం పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో శ్రామిక భాగస్వామ్యం 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఈ పెరుగుదలను గొప్పగా చెప్పుకుంటున్నారు. కాని అందులో పెద్ద భాగం సొంత పొలంలో, ఇంటి దుకాణంలో చేసే స్వయం ఉపాధి, జీతం లేని సహాయం. డిగ్రీ పట్టా తీసుకుని మళ్ళీ సొంత పొలం పనిలోనో, ఇంటి దుకాణం పనిలోనో చేరిన ఆడపిల్లను కూడా అంకెలు "పనిలో వుంది" అని లెక్కపెట్టగలవు. కాబట్టి అంకె పెరిగిందని మనం ఊరుకోకూడదు.

కార్యకర్తలుగా మనం చేయగలిగినవి కొన్ని చెబుతాను. ఒకటి: ప్రభుత్వ విద్యాసంస్థలను సమాచార హక్కు చట్టం, 2005 కింద లెక్క అడగాలి. ఎందరికి ఉద్యోగాలొచ్చాయి అన్న ఒక్క అంకె చాలదు. బ్రాంచి వారీగా, స్త్రీ పురుషుల వారీగా చెప్పమనాలి. అయిదేళ్ళ తర్వాత ఎందరు పనిలో మిగిలారో కూడా నమోదు చేయమనాలి. ఆ లెక్క లేకపోతే, లేదన్న జవాబు కూడా మనకు ఆధారమే. రెండు: ఫ్యాక్టరీ ఉద్యోగాలకు మన ఊళ్ళ నుంచి పిల్లలను తీసుకెళ్ళే కాంట్రాక్టర్ల పేర్లు, హాస్టళ్ళ చిరునామాలు పంచాయతీ దగ్గర, మన సంఘం దగ్గర వుండాలి. 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ అక్కడ వుందా అని పిల్ల బయల్దేరక ముందే అడగాలి. మూడు: నియామకంలో పెళ్ళి గురించి అడగరాదని చట్టంలో స్పష్టంగా రాయమని కోరాలి. నాలుగు: పది పాసయిన పిల్లకు తన పేరున ఒక నంబరు, తన చేతిలో ఒక ఫోను వుండాలని తల్లులతో మాట్లాడాలి. ఫోనిస్తే పిల్ల చెడిపోతుందనే వాళ్ళకు, ఆ ఫోన్లు తయారుచేసేది మన పిల్లలేనని గుర్తుచేయండి.

తోటలో ఆమెకు నేనేం చెప్పానని మీరు అడగవచ్చు. ఏ గ్రూపు అన్నది చెప్పలేదు. నాకు తెలియదు, తెలుసునన్న వాళ్ళను నమ్మవద్దన్నాను. "పిల్లకు ఏది ఇష్టమో అడిగారా?" అన్నాను. ఆమె కాసేపు కాయలు సర్దుతూ వుండిపోయి, "ఇంట్లో అందరం మాట్లాడుకున్నాం గాని దాన్ని అడగలేదమ్మా" అన్నది. తర్వాత ఇంకో మాట అన్నది: "అది చదివి ఉద్యోగం చేసినా, అత్తోరు మానిపిస్తే ఏం చేసిద్ది?"

ఆ రెండో ప్రశ్న ఆమె ఎవరినీ అడగదు. దానికి కౌన్సెలింగులో ఆప్షను లేదు. ఆ ప్రశ్నను ఆమె ఒక్కతే మోయకుండా వుండటానికే మన సంఘాలు వున్నాయి. పది ఫలితాలు వచ్చే రోజుల్లో మనం మీటింగులు హాల్లో పెట్టుకుంటున్నాం. వచ్చే ఏడాది ఆ నెలలో తోటల్లో పెడదాం. తల్లులు అక్కడే వుంటారు.