గాజుతంతువునకు తగులు కనరాని దెబ్బ



నేడు అనేక గ్రామ పంచాయతీలకు ఇంటర్నెట్టును చేర్చుచున్నది వెంట్రుకవంటి గాజుతంతువు. అందు ప్రవహించునది విద్యుత్తు కాదు, కాంతి. గాజును మిక్కిలి శుద్ధిచేసినచో కాంతి కిలోమీటర్ల దూరము పోగలదని 1966లో చార్లెస్ కావో అను శాస్త్రజ్ఞుడు తెలిపెను.

మన ఊరి మట్టిక్రింది తంతువునకు శత్రువు గునపమే. కాని అణువిద్యుత్ కేంద్రములలో, ఉపగ్రహములలో వాడు తంతువును గామా కిరణములవంటివి తాకును. తంతువు తెగదు, పైకి ఏ గాయమును కానరాదు. గాజులో ఒక్కొక్క సిలికాన్ పరమాణువు నాలుగు ఆక్సిజన్ పరమాణువులతో చేతులు కలిపియుండును గదా, అట్టి బంధములు కొన్ని విడిపోవును. వెడలిన ఎలక్ట్రానులు, గుంటలలో వాననీరువలె, గాజులోని లోపములయందు చిక్కుకొనును. ఆ చోట్లను వర్ణకేంద్రములందురు. దారినపోవు కాంతిని అవి మ్రింగివేయును. శుద్ధిచేసి సాధించినదంతయు ఇట్లు కరగిపోవును. దెబ్బ ముదిరినచో తంతువుపై ఆధారపడిన కొలతపరికరము మూగబోవును.

భాస్వరము కలిపిన గాజునకు ఈ బాధ హెచ్చు. వింత యేమనగా, ఐరోపాలోని సెర్న్ పరిశోధనాలయమువారు ఆ దోషమునే ఆధారము చేసికొని, అట్టి తంతువుతో కిరణముల మోతాదును కొలుచుచున్నారు! తట్టుకొనవలసిన చోట్ల నడుమ స్వచ్ఛమైన సిలికాను, చుట్టును ఫ్లోరిన్ కలిపిన పొరను వాడుదురు. వేడిచేసినచో చిక్కిన ఎలక్ట్రానులు కొన్ని విడివడి తంతువు తేరుకొనును; పూర్తిగా మాత్రము కాదు.