పదిమంది సేవకు పదిమంది సొమ్ము

(నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు సంఘముల పురుషుల, స్త్రీల, యువజనుల సంయుక్త కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ మెట్ట ప్రాంతములో ఒక సేవా క్లబ్బు పెట్టుకోవాలని మన యువకులు తలపెట్టారు. దానిని ఎలా నడపాలి, దానికి కావలసిన ధనము ఎలా కూర్చుకోవాలి అన్న విషయమై మాట్లాడమని నన్ను కోరారు. గురువు నోట డబ్బు మాట వినడము కొందరికి రుచించదు. కాని సేవను గురించి మాట్లాడి డబ్బును గురించి మాట్లాడకపోతే, ఆ సేవ ప్రసంగముతోనే ముగిసిపోతుంది. మంచి సమరయుని ఉపమానము మనకందరికీ కంఠస్థమే. ఆయన గాయములు కట్టి ఊరుకోలేదు. పూటకూళ్ల వానికి రెండు దేనారములు ఇచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. అంటే ఆయన దగ్గర జాలి ఉన్నది, సంచిలో సొమ్మూ ఉన్నది, మళ్లీ వచ్చి లెక్క తేల్చే బాధ్యతా ఉన్నది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా గాయపడిన వాడు బ్రతికేవాడు కాడు.

మనమున్నదీ దారి మీదనే. హైదరాబాదు నుండి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల మీదుగా పోతున్నది. ప్రమాదములు మనకు కొత్త కాదు. మున్నేరు పొంగితే ఏమవుతుందో కూడా చూశాము. 2023 జూలైలో ఐతవరం దగ్గర వరద నీరు రహదారి మీదికి వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరులో మళ్లీ అదే పరిస్థితి. అటువంటి దినమున చందా పుస్తకము పట్టుకొని ఇల్లిల్లూ తిరిగే వ్యవధి ఉండదు. సొమ్ము ముందే ఉండాలి, మనుషులు ముందే సిద్ధముగా ఉండాలి. క్లబ్బు కావలసినది అందుకోసమే.

ఇది మన ప్రాంతమునకు కొత్త సంగతి కాదు. జగ్గయ్యపేట పక్కనున్న గుట్ట మీద ప్రాచీన బౌద్ధ స్తూపము ఉన్నది గదా. అక్కడ దొరికిన శాసనములలో ఒక విశేషము ఉన్నది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ రాజ్య సంవత్సరములో, అనగా క్రీస్తు శకము 3వ శతాబ్దిలో, సిద్ధార్థుడనే ఒక శిల్పి తన కుటుంబమంతటితో కలిసి అయిదు స్తంభములు నిలబెట్టించాడు. ఇచ్చినవాడు రాజు కాడు, చేతిపని చేసుకొని బ్రతికే మనిషి. ఎవరు ఇచ్చారు, ఏమి ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్నది రాతి మీద చెక్కి ఉన్నది. మన విశ్వాసము వేరైనా, ఈ నేల మీది పెద్దలు దానమును కుటుంబమంతా కలిసి చేశారనీ, దానిని నలుగురూ చదివేటట్లు వ్రాయించారనీ గుర్తించడము మనకు మంచిది.

మన సంఘ చరిత్రకు వద్దాము. 1859లో రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య గారు డార్లింగ్ దొరగారి చేత బాప్తిస్మము పొందారు. ఊరు దూరముగా పెట్టిన పల్లె నుండి వచ్చిన మనిషి ఆయన. ఈ మెట్ట సీమలో సువార్త వేరూనినది ధనవంతుల మేడలలో కాదు. తరువాతి కాలములో, 1912 డిసెంబరు 29న దోర్నకల్ అధ్యక్షులుగా అభిషేకము పొందిన అజరయ్య గారు, భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు, మన బీద సంఘములకు ఇవ్వడము నేర్పారు. వంట వండే ప్రతిసారీ గృహిణి ఒక పిడికెడు బియ్యము తీసి పక్కన పెట్టేది. ఆ పిడికెళ్లు మూటలై గుడికి చేరేవి. బీదవారిని పుచ్చుకొనేవారిగానే ఉంచితే వారి గౌరవము పోతుంది, ఇచ్చేవారిగా నిలబెడితే వారు సంఘమును మోస్తారు అన్నది అందులోని మర్మము. మనము పెట్టబోయే క్లబ్బుకు కూడా ఇదే పునాది కావాలి.

ఇక పనిలోకి వస్తాను.

మొదటిది, ముందు పని నిర్ణయించుకోండి, తరువాత డబ్బు అడగండి. మన దగ్గర ఆరంభ శూరత్వము ఎక్కువ. మొదటి సంవత్సరము పది కార్యక్రమములు, రెండవ సంవత్సరము రెండు, మూడవ సంవత్సరము బోర్డు మాత్రము మిగులుతుంది. రోటరీ వారిని చూడండి. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది ముగ్గురు స్నేహితులతో మొదలుపెట్టాడు. ఒకరి తరువాత ఒకరి ఆఫీసులో కూడుకొనేవారు, అందుకే ఆ పేరు వచ్చింది. హాలు అద్దె లేదు. ఆ సంస్థ 1985లో పోలియో నిర్మూలన అనే ఒక్క పనిని చేపట్టి వదలకుండా పట్టుకొన్నది. ప్రభుత్వముల కృషితో, ఇతర సంస్థల కృషితో కలిసి, 2014 మార్చి 27న మన దేశమునకు పోలియో లేదన్న ధ్రువపత్రము వచ్చేవరకు ఇరవై తొమ్మిది సంవత్సరములు పట్టింది. మనమూ రెండు పనులు పట్టుకొందాము, చాలు. మనుషులు తప్ప పెద్ద ఖర్చు లేని పని ఒకటి, ఉదాహరణకు రక్తదానము. పద్ధెనిమిది ఏళ్లు నిండిన ఆరోగ్యవంతుడైన పురుషుడు మూడు నెలలకొకసారి, స్త్రీ నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. ఎవరి గ్రూపు ఏమిటో వ్రాసిన ఒక పట్టీ, నాలుగు ఫోను నంబర్లు, లైసెన్సు ఉన్న రక్తనిధితో ఒప్పందము ఉంటే రహదారి మీద ఒక ప్రాణము నిలుస్తుంది. ఇక డబ్బు కావలసిన పని ఒకటి, వృద్ధులకు కంటి పరీక్షలు గాని, పల్లెలోని పిల్లలకు పరీక్ష ఫీజులు గాని.

రెండవది, సభ్యత్వము. చట్టరీత్యా రిజిస్టరు చేయాలంటే మన రాష్ట్రములో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము కనీసము ఏడుగురు కావాలి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో విధవరాండ్ర భోజనపు బల్లల వివాదము తీర్చడానికి ఏర్పరచినవారు కూడా ఏడుగురే! అక్కడ గమనించవలసినది సంఖ్య కాదు. తమకు అన్యాయము జరుగుతున్నదని గ్రీకు భాష మాట్లాడేవారు సణిగినప్పుడు, సంఘము వారి మాట విని మంచి పేరున్న మనుషులను ఏర్పరచింది. మన క్లబ్బు కార్యవర్గములో పెద్ద గుడివారే ఉండి చుట్టుపక్కల పల్లెల సంఘములవారు లేకపోతే, స్త్రీలు లేకపోతే, అదే సణుగుడు మనకూ వస్తుంది, న్యాయముగానే వస్తుంది. అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారి పదవులు రెండేళ్లకొకసారి చేతులు మారాలి. పదవి దిగినవారు సభ్యత్వములో నిలిచినప్పుడే ఆ క్లబ్బు బ్రతికి ఉన్నదని అర్థము.

మూడవది, ధనము వచ్చే దారులు. నాకు నాలుగు కనిపిస్తున్నవి.

ఒకటి, సభ్యుల చందా. నలభై మంది నెలకు 100 రూపాయల చొప్పున ఇస్తే సంవత్సరమునకు 48,000 రూపాయలు. ఇది చిన్న మొత్తము కాదు. పైగా ఎవరికీ తల వంచనక్కరలేని సొమ్ము. మన సొమ్ము వేయకుండా ఊరి సొమ్ముతో సేవ చేస్తే అది అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లవుతుంది.

రెండు, వస్తువు రూపములో ఇచ్చేవి. కోత పండుగలో మనము ధాన్యము, మిరపకాయలు, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి వేలము వేస్తాము గదా. సంఘపు కానుక సంఘమునకే చెందాలి. కాని అదే పద్ధతిలో క్లబ్బు కొరకు వేరొక దినమున వేలము పెట్టుకోవచ్చు. నగదు లేని కూలి కుటుంబము కూడా ఒక గుమ్మడికాయ తెచ్చి దాత అవుతుంది. పిడికెడు బియ్యము నేర్పినది ఇదే.

మూడు, పెద్ద కంపెనీల విరాళములు. సున్నపురాయి ఉన్నందువల్ల జగ్గయ్యపేట పరిసరములలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల వ్యాపారము గాని, 5 కోట్ల నికర లాభము గాని ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభములో 2 శాతము సమాజము కొరకు ఖర్చు చేయాలి. చుట్టుపక్కల ప్రాంతమునకు ప్రాధాన్యము ఇవ్వాలని కూడా చట్టములో ఉన్నది. అయితే ఆ సొమ్ము మన ద్వారా ఖర్చు కావాలంటే మనకు రిజిస్ట్రేషను, ఆదాయపు పన్ను అనుమతులు, మూడేళ్ల పని అనుభవము ఉండాలి. కాబట్టి మొదటి సంవత్సరమే వారి గుమ్మము తొక్కవద్దు. తొక్కిననాడు ఒకటి గుర్తుంచుకోండి. విరాళము పుచ్చుకొన్నందుకు మన నోరు మూతపడకూడదు. రేపు దుమ్మును గురించో నీటిని గురించో పల్లెవారు బాధపడితే వారి పక్షమున నిలబడలేని స్థితి తెచ్చే సొమ్ము మనకు వద్దు. ఎన్నికల సంవత్సరములో జెండాతో వచ్చే సొమ్ము విషయములోనూ ఇదే మాట.

నాలుగు, విదేశములలో ఉన్న మన బిడ్డలు. ఇక్కడ మంచి మనసు ఒక్కటే చాలదు, చట్టము తెలియాలి. గల్ఫులోనో అమెరికాలోనో ఉన్నా భారత పౌరుడిగానే ఉన్నవాడు తన సంపాదనలో నుండి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళము కాదు. అదే మనిషి ఆ దేశపు పౌరసత్వము తీసుకొంటే, మన ఊరి బిడ్డ అయినా, అతడు పంపేది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టము కింద అనుమతి లేకుండా దానిని పుచ్చుకోరాదు. 2020 సవరణ తరువాత అటువంటి సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే ముందు రావాలి. కాబట్టి డబ్బు పంపుతామన్న బంధువును ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగండి. నొచ్చుకొంటారని ఊరుకొంటే తరువాత నొచ్చుకొనేది క్లబ్బే.

నాలుగవది, నేను అన్నిటికంటె ముఖ్యమని తలచేది, లెక్క. సేవా సంఘములు డబ్బు లేక చచ్చినవి తక్కువ, డబ్బు మీద అనుమానము పుట్టి చచ్చినవి ఎక్కువ. లయన్స్ క్లబ్బులవారికి ఒక మంచి నియమము ఉన్నది. ప్రజల నుండి వసూలైన సొమ్ము ప్రజల సేవకే పోవాలి. సమావేశముల ఖర్చు, టీ, కాగితములు, ప్రయాణములు సభ్యుల చందాలో నుండే పెట్టుకోవాలి. రెండు ఖాతాలు, రెండు పద్దు పుస్తకములు. దండలు, శాలువాలు, ఫ్లెక్సీ బోర్డులు ఎవరి సొమ్ముతో వచ్చాయని ఊరు అడిగిననాడు మనము నిబ్బరముగా జవాబు చెప్పగలగాలి.

కొందరు పెద్దలు, "అయ్యగారి దగ్గర ఉంచితే భద్రము" అంటారు. వారి ప్రేమకు వందనము, కాని ఇది సరికాదు. రాజుల రెండవ గ్రంథము 12వ అధ్యాయము చదవండి. మందిరపు మరమ్మతుకని వచ్చిన సొమ్ము యాజకుల చేతికే పోయేది. యోవాషు రాజు ఏలుబడిలో ఇరవై మూడవ సంవత్సరము వచ్చినా మరమ్మతు జరగలేదు. అప్పుడు మూతకు రంధ్రము చేసిన పెట్టె వచ్చింది. రాజు లేఖరి, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు, సొమ్ము పనివారికి చేరింది. పౌలు కూడా యెరూషలేము బీదల కొరకు పోగైన చందాను ఒంటరిగా మోయలేదు. సంఘములు ఏర్పరచిన మనుషులను వెంట ఉంచుకొన్నాడు. దేవుని యెదుట మాత్రమే కాక మనుష్యుల యెదుట కూడా నిందకు చోటు ఉండకూడదన్నది ఆయన ఆలోచన. అపొస్తలునికే ఆ జాగ్రత్త అవసరమైతే మన సంగతి వేరే చెప్పాలా?

కాబట్టి బ్యాంకు ఖాతా క్లబ్బు పేర ఉండాలి, చెక్కు మీద ఇద్దరి సంతకములు ఉండాలి. ఫోను ద్వారా డబ్బు పంపే కోడ్ బొమ్మ కోశాధికారి సొంత ఖాతాది కాకూడదు, క్లబ్బు ఖాతాది కావాలి. పది రూపాయలకైనా రసీదు ఇవ్వాలి. మూడు నెలలకొకసారి జమాఖర్చులు తెలుగులో వ్రాసి గుడి గోడ మీద అతికించాలి. సంవత్సరమునకు ఒకసారి సభ్యుడు కాని ఆడిటరు చూడాలి. వసూలైన ప్రతి రూపాయిలో పావలా వంతు వరద వంటి ఆపద కొరకు ముట్టకుండా ఉంచాలి.

చివరగా, ఇచ్చే తీరు. క్లబ్బు తలుపు దగ్గర నీది ఏ మతము, ఏ కులము అని అడగవద్దు. సహాయము ఎర కారాదు. గాయపడినవాడు ఏ గుడికి వెళతాడో సమరయుడు విచారించలేదు. ఒక వృద్ధురాలికి కళ్లద్దములు ఇచ్చేటప్పుడు ఆమె చుట్టూ పదిమంది నిలబడి ఫోటో తీయించుకొంటే, ఆ అద్దములతో ఆమె మొదట చూచేది మన గర్వమునే. లెక్క గోడ మీద పెట్టండి, పుచ్చుకొన్నవారి ముఖములు పెట్టవద్దు.

మన పెద్దలు పిడికెడు బియ్యముతో సంఘములను నిలబెట్టారు. ఈ సాయంత్రము సభ ముగిసిన తరువాత సభ్యత్వ పుస్తకము ఈ బల్ల మీద ఉంటుంది. పేరు వ్రాసేవారు మొదటి నెల చందా కూడా కట్టి, రసీదు అడిగి పుచ్చుకొని వెళ్లండి. రసీదు ఇవ్వకపోతే డబ్బు ఇవ్వవద్దు.

ప్రభువు ఈ పనిని ఆశీర్వదించును గాక.