లోడు వేసి చూడండి

నేను ఈఎంఈలో వెహికిల్ ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఉపన్యాసాలు నాకు రావు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

లడఖ్‌లో ఒక చలికాలం. అంబులెన్సు వెనక భాగంలో లైట్లు మసకబారుతున్నాయని డ్రైవర్ బండి తెచ్చాడు. స్విచ్చులన్నీ ఆపి బ్యాటరీకి మీటరు పెట్టాను. 12.6 వోల్టులు. "బాగానే ఉంది, తీసుకెళ్ళు" అన్నాను.

ఆ రాత్రే ఒక జవానును ఆసుపత్రికి తెస్తుంటే, దారి కుదుపులకు వెనక లైట్లు ఆరిపోయాయి. నర్సింగ్ అసిస్టెంటు టార్చి నోట కరచుకుని సెలైను ఎక్కించాడట. జవాను బతికాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

తెల్లవారాక లైట్లన్నీ వేసి, మీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది వెనక బాడీకి ఆనించాను. 0.2 వోల్టు దాటకూడదు. మూడు వోల్టులకు పైనే చూపింది. ఎర్తు బోల్టు కింద తుప్పు! గీకి బిగించాను, లైట్లు తెల్లగా వెలిగాయి.

కరెంటు పారనంతసేపు ఇలాంటి లోపం మీటరుకు దొరకదు. మీ కారైనా, క్యాంపర్ వ్యానైనా లోడు వేసి చూడండి. అన్నిటికన్నా ముందు, బండి నడిపేవాడి మాట వినండి.

సెలవు. జైహింద్.