ఊరుమ్మడి తోట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రంథాలయమును పల్లెలో నిలుపుట సామాన్యమైన పని కాదు. చందా చెల్లించువారు, పుస్తకమును చినగకుండ తిరిగి తెచ్చువారు, ప్రతిదినము వేళకు తలుపు తెరచువారు, ఈ ముగ్గురును కలిసిననే గ్రంథాలయము నిలుచును. 1914వ సంవత్సరమున బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో తొలి గ్రంథాలయ మహాసభ జరిగినది మొదలు మన ఉద్యమము నేర్పిన పాఠమొక్కటియే: ఒక్కొక్కరు విడిగా కొనలేని దానిని పదిమంది కలిసి పోషించుకొనవచ్చును. నేడు నన్ను ఊరుమ్మడి తోటను గురించి ముచ్చటింపుమని కోరినారు. పుస్తకములకును కూరగాయలకును సంబంధమేమని కొందరికి తోచవచ్చును. వస్తువులు వేరైనను నడుపు పద్ధతి ఒక్కటియే యని మనవి చేయుచున్నాను.

మన పూర్వులు సప్తసంతానములని చెప్పిన వానిలో కొడుకు, కావ్యము, నిధి, దేవాలయము, అగ్రహారములతోపాటు చెఱువును, వనమును గూడ చేర్చినారు. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్న పారెడు గండిపై నున్న ఈ కోటను లోకము రాళ్ళ కోటగా మాత్రమే యెఱుగును. కాని కోటలోపల రాయలచెఱువు కలదు. పూర్వపు తోటల జాడలును, ఊటలును కలవు. రాయలచెఱువు నీటిని గొట్టముల ద్వారమున కొండ దిగువనున్న పారేబాగునకు కొనిపోయిరని చెప్పుదురు. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ దుర్గమును 1650లో మీర్ జుమ్లా గైకొనెను. 1652లో ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే ఇచటికే వచ్చి ఆయనను కలిసికొనెను. ఆనాటి తోటలు ఏలికలవి. నేడు మనకు కావలసినది ఏలికల తోట కాదు, ఇరుగుపొరుగుల తోట.

దీని అవసర మెవరికి? రేగడి నేలలో శనగ పండించు రైతు గూడ వంకాయలకు, టమాటాలకు జమ్మలమడుగు సంతవైపు చూచుచున్నాడు. సెంటు నేలయైనను లేని కూలివాని సంగతి చెప్పనక్కరలేదు. 2020లో గండికోట జలాశయమున నీరు నిలిపినపుడు తాళ్ళప్రొద్దుటూరు మునిగినది; అచటివారు పునరావాస కాలనీలకు తరలిపోయిరి. ఇంటికి వెల కట్టవచ్చును గాని, పెరటిలోని మునగచెట్టుకు, కరివేపాకు చెట్టుకు, వాని క్రింద కూర్చుండి పొరుగింటివారితో మాటలాడిన సాయంకాలమునకు వెల కట్టుట యెట్లు? పెరడు లేనివారికి పెరడు కలిగించుటయే ఊరుమ్మడి తోట యొక్క మొదటి ప్రయోజనము.

తోట పెట్టుటకు ముందు ఆలోచింపవలసినది నేల, నీరు. ఈ విషయమున మన కడపసీమయే మనకు గురువు. పోరుమామిళ్ళ చెఱువు కట్టించిన భాస్కర భవదూరుడు, మొదటి బుక్కరాయల కుమారుడు, 1369లో వేయించిన శాసనము నేటికిని కలదు. వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసిరని అందున్నది. మంచి చెఱువునకు పండ్రెండు సాధనములను, చెడ్డ చెఱువునకు ఆఱు దోషములను గూడ ఆ శాసనము వివరించినది. ఆ దోషములలో మూడు తోటకును వర్తించును. ఒకటి, చవుడు నేల. రెండవది, రెండు రాజ్యముల యెల్లపై నుండుట. మూడవది, నీరు స్వల్పమై సాగు భూమి విస్తారమగుట.

ఎల్ల మాట ముందు చూతము. ఒకరు తమదనియు, వేఱొకరు కాదనియు తగవులాడు స్థలమున తోట వేసినచో పాదు పెట్టినది మొదలు పోరే. కనుక పంచాయతి తీర్మానము చేసి, కొలతలు వేసి, ఇన్ని సంవత్సరములకని వ్రాతమూలకముగ ఇచ్చిన స్థలమే కావలెను. కోటలోని ప్రాచీన కట్టడములు పురావస్తుశాఖవారి సంరక్షణలో నున్నవి. వాని సమీపమున అనుమతి లేనిదే గడ్డపార దింపరాదు. స్థలము చుట్టును మన సీమ నాపరాళ్ళనే వరుసగా పాతినచో మేకలకు అడ్డమును, హద్దుకు సాక్ష్యమును రెండును అగును.

ఇక నీరు. వేసవిలో కూరగాయల మడికి చదరపు మీటరునకు దినమునకు సుమారు 5 లీటర్లు కావలెననుకొందము. ఒక సెంటు అనగా ఇంచుమించు 40 చదరపు మీటర్లు. కుటుంబమునకు అరసెంటు చొప్పున ఇచ్చినచో 20 చదరపు మీటర్లకు దినమునకు 100 లీటర్లు, అనగా ఏడెనిమిది బిందెలు పట్టును. పది కుటుంబములకు 1,000 లీటర్లు. వేసవిలో ఆ బావి, ఆ బోరు ఇన్ని నీళ్ళు ఇయ్యగలవా యని ముందు కొలిచి చూడవలెను. ఐదు కుటుంబములకే చాలినచో ఐదింటితోనే మొదలు పెట్టవలెను. ఇరువదిమందిని చేర్చుకొని చైత్రమాసమున అందఱి మొక్కలను ఎండబెట్టుటకంటె, ఐదుగురి మొక్కలను బ్రదికించి మిగిలినవారికి నమ్మకము కలిగించుట మేలు.

వాన తక్కువ గల మన సీమకు ఎత్తు మడులు పనికిరావు. పల్లపు మడులు కావలెను. మడి వెడల్పు నాలుగడుగులు మించరాదు. అపుడు ఇరువైపుల నుండి చేయి అందును, లోపల కాలు పెట్టి నేలను త్రొక్కనక్కరలేదు. ఎండుటాకులు, శనగ పొట్టు కప్పినచో తడి నిలుచును. కాల్చిన మట్టికుండను మెడవఱకు పాతి నీరు నింపినచో ఆ నీరు మెల్లగా వేళ్ళకు చేరును. పది సెంట్ల తోటలో ఐదు సెంట్లు కుటుంబముల మడులకు, మిగిలినది దారులకు, ఎరువు గుంతకు, చుట్టును మునగ, కరివేప, నిమ్మ చెట్లకు విడువవచ్చును. ఒక మడిని మాత్రము ఎవరికిని పంచక బడి పిల్లల కుంచవలెను.

ఎరువునకై అంగడికి పోనక్కరలేదు. 2016 నుండి రైతు సాధికార సంస్థ ద్వారా మన రాష్ట్రమున సాగుచున్న ప్రకృతి వ్యవసాయములో జీవామృతము ప్రసిద్ధము. ఎకరమునకు 200 లీటర్ల లెక్క గనుక పది సెంట్లకు 20 లీటర్లు చాలును. ఇరువది లీటర్ల నీటిలో కిలో ఆవుపేడ, లీటరు గోమూత్రము, 200 గ్రాముల బెల్లము, 200 గ్రాముల పప్పుపిండి, పిడికెడు గట్టుమన్ను కలిపి నీడలో రెండు దినములుంచి, ఉదయ సాయంకాలములు కలియబెట్టవలెను. వారము లోపల వాడవలెను.

ఇంతవఱకు చెప్పినది సులభమైన భాగము. మనుష్యులను కలిపి నడుపుటయే కష్టము. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చునని మన సామెత. ఆ సామెత అబద్ధము కాదు. అయితే అది నియమము లేని ఉమ్మడిని గూర్చినది. ప్రపంచమున ఉమ్మడి నేలలను, నీటి కాలువలను పరిశీలించి 2009లో నోబెల్ బహుమతి నందిన ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషీమణి తేల్చినదేమనగా: హద్దు స్పష్టముగ నుండి, నియమములను వాడుకొనువారే చేసికొని, కాపలా వారే కాచుకొని, తప్పునకు తగినంతయే దండన విధించుకొన్నచోట ఉమ్మడి సొత్తు తరతరములు నిలుచును.

కనుక తోటలో చేరదలచినవారు ఈ నియమములను ముందుగనే అంగీకరింపవలెను. నెలకు కొద్దిపాటి చందా. వారమునకు ఒక పూట ఉమ్మడి పని. నీటి వంతు గోడపై వ్రాసినట్లే. ఊరికి పోవువారు తమ మడిని పొరుగువారి కప్పగించి పోవలెను. మూడు వారములు మడి బీడుగ నున్నచో ముందు ఒక మాట చెప్పవలెను. పిదప చీటి వ్రాయవలెను. అప్పటికిని కదలనిచో వేచియున్న వారిలో మొదటివారికి ఇయ్యవలెను. లెక్కల పుస్తకము గ్రంథాలయపు బల్లపై అందఱికిని కనబడునట్లుండవలెను. విత్తనములనుగూడ పుస్తకములవలెనే అప్పిచ్చి, పంట వచ్చిన పిమ్మట తిరిగి పుచ్చుకొనవచ్చును.

ఈ మాట ఊహ కాదు. తెలంగాణమున జహీరాబాదు ప్రాంతమున 1983లో ప్రారంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు బీడునేలలను సాగులోనికి తెచ్చి, తమ విత్తనములను తామే దాచి, అప్పుగా ఇచ్చుకొనుచు జొన్న, కొఱ్ఱ, కంది మొదలగు పంటలను నిలిపిరి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి లభించెను. అన్యదేశములలో చూడుడు: జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున 1864లో పిల్లల ఆటస్థలమునకై యేర్పడిన సంఘమే క్రమముగ కుటుంబముల తోటల సంఘమైనది. ఇంగ్లండులో 1908 నాటి చట్టము సామాన్యులకు తోట మడులిచ్చుట స్థానిక సంస్థల విధి యనెను. న్యూయార్కులో 1973లో లిజ్ క్రిస్టీయు, ఆమె పొరుగువారును చెత్తకుప్పయై పడియున్న స్థలమును శుభ్రము చేసి తోట వేసిరి.

కడపట ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. తోట ఉమ్మడిదని పేరు పెట్టి, తొట్టివద్దకు ఫలానావారు రారాదనిన యెడల అది ఉమ్మడి కాదు. ఒకే బావి నీరు, ఒకే తొట్టి, ఒకే పార. వంతు వచ్చినవారెవరైనను ముందు వారే. భూమి గలవారు తమ పలుకుబడితో మంచి మడులను తీసికొనరాదు. మడులను చీట్లు వేసి పంచవలెను. భూమి లేనివారికి, ఒంటరి స్త్రీలకు, ఇల్లు వాకిలి మునిగి వచ్చినవారికి మొదటి చీట్లు దక్కవలెను. ఈ యొక్క నియమమును పాటింపలేనిచో తోట మాట ఎత్తకుండుటయే మర్యాద. గ్రంథాలయపు బల్లవద్ద ఏ కులమువాడు ఏ పుస్తకము చదువుచున్నాడని మనము అడుగము. ఆ మర్యాదయే తోట గేటువద్దను ఉండవలెను.

రజతోత్సవమునకు శిలాఫలకము వేయుట మంచిదే. దానితోపాటు, రానున్న తొలకరికి ముందుగ ఐదు కుటుంబములు పేర్లు వ్రాయించి, పంచాయతివారు స్థలము చూపి, మన యువకులు బావినీరు కొలిచి వచ్చినచో ఈ ఉత్సవము ఫలించినట్లే. పేర్ల పుస్తకము ఈ సభ ముగియుటకు ముందే బల్లపై నుంచవలసినదని కార్యదర్శిగారిని ప్రార్థించుచున్నాను.